సుబ్బులమ్మ నాలుగు రోజుల పట్నం

“ఊరు చూడటానికొచ్చామా మనం?”

“చూడకుండా కూర్చుంటే బండ నల్లబడుద్దా?”

“మెల్లగా మాట్టాడవే. నలుగురూ వింటన్నారు.”

“విననీ. ఈడ మన మాట తెలిసినోడు యాడున్నాడు? ఎంత అరిచినా వాళ్ళకి తుమ్మినట్టే.”

తెలిసినవాణ్ణి నేనున్నాను. మద్రాసు సెంట్రల్ స్టేషనుకు అరమైలు దూరంలో ఉన్న సత్రం పెరట్లో, పంపు కింద, ముఖం నిండా సబ్బుతో కళ్ళు మూసుకుని వంగి ఉన్నాను. ఈ ఊరొచ్చి పదకొండు రోజులైంది. పదకొండు రోజులూ నాతో తెలుగు మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. కానీ అది బట్టల కొట్టు తెలుగు. మా పల్నాటి మొరటు మాట చెవినపడేసరికి సబ్బు కడుక్కోవడం మరిచిపోయి తల ఎత్తాను. కళ్ళు మండాయి.

స్తంభానికి ఆనుకుని ఒక ముసలాయన గొంతుక్కూర్చున్నాడు. ముసలాయన అని అప్పుడనుకున్నాను. దగ్గరికి వెళితే యాభై దాటినట్టు లేదు. ఎదురుగా నడుమున చేతులు పెట్టుకుని ఒకామె నిలబడి ఉంది. నల్లగా, పొట్టిగా, గుండ్రాయిలా ఉంది. మీదేవూరని అడిగాను. తిట్టుకుంటూ దొరికిపోయినందుకు ఆయన తల దించుకున్నాడు గాని, ఆమె ఏమీ అనుకోలేదు. ముందు నీదేవూరో చెప్పమంది. గురజాల అన్నాను. గురజాలలో ఎవరబ్బాయివి, మీ ఇల్లు ఏ బజారు, మీ మేనమామలెవరు అని వరసగా అడిగి, చివరికి మా పెద్దమ్మ అత్తగారి ఊరి మీదుగా నాకు పిన్ని వరసైంది. అంతా పంపు దగ్గరే తేలిపోయింది.

ఆమె పేరు సుబ్బులమ్మ. ఆయన ఆమె భర్త పెదకోటయ్య. మాచర్ల అవతల నాపబండలు తీసి బతికేవాళ్ళు. వాళ్ళిద్దరూ మద్రాసు ఎందుకొచ్చారో, వాళ్ళ తగాదా దేని గురించో చెప్పాలంటే ముందు బండల సంగతి చెప్పాలి.

మా వైపు కొన్నిచోట్ల నేల తవ్వితే రాయి పొరలు పొరలుగా ఉంటుంది. మీది మట్టి తీసెయ్యడానికే నెలలు పడుతుంది. ఆ తరువాత గునపం మొన రెండు పొరల మధ్య దూర్చి ఎత్తితే, పుస్తకంలో కాగితం లేచినట్టు బండ లేస్తుంది. మగవాళ్ళు దాన్ని బయటికి లాగి ఉలితో అంచులు కొడతారు. ఆడవాళ్ళు నీళ్ళు పోసి, ఇసక చల్లి, రాతిముక్కతో నున్నగా రుద్దుతారు. సుబ్బులమ్మ పదేళ్ళ వయసునుంచీ రుద్దుతూనే ఉంది. ఆమె అరచేతుల్లో గీతలు లేవు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడెవడైనా ఆమె దగ్గర పస్తుండాల్సిందే.

చాలాకాలం ఇద్దరూ బండలు తవ్వే పరాయి గుంటల్లో కూలి చేశారు. రెండేళ్ళ కిందట పెదకోటయ్య ధైర్యం చేసి సొంతానికి ఒక గుంట కౌలుకు తీసుకున్నాడు. అది చవిటి చేను పక్కనుంది. ఉప్పు పూసే నేల పక్కన రాయి ఎలా ఉంటుందోనని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చౌకగా వచ్చింది. ఎనిమిది నెలలు మొగుడూ పెళ్ళాం మట్టి మోశారు. కింద రాయి బ్రహ్మాండంగా పడింది. మొదటి వ్యాగను బండలు మాచర్ల షావుకారు కొని, మద్రాసులో కొత్తగా ఇల్లు కడుతున్న అబ్దుల్ రహీమ్ సాహెబు అనే తోళ్ళ వ్యాపారికి పంపించాడు.

పరిచిన రెండు నెలలకు బండలమీద తెల్లటి పూత లేచింది. తుడిస్తే పోతుంది, మూడు రోజులకు మళ్ళీ వస్తుంది. సాహెబు ఉత్తరం రాశాడు. షావుకారు పెదకోటయ్యను పిలిచి, నువ్వే వెళ్ళి చూసుకో, తప్పు గుంటదైతే మాత్రం ఇక ఆ గుంట బండ ఒక్కటి కూడా నాకొద్దు అన్నాడు. ఆయన వద్దన్న బండను మాచర్లలో ఇంకెవరూ కొనరు. అంటే ఎనిమిది నెలలు తవ్వినదాన్ని వదిలేసి, యాభై ఏళ్ళు దగ్గరపడ్డాక మళ్ళీ పరాయి గుంటలో కూలికి పోవడమే.

బుధవారం దిగి నేరుగా ట్రిప్లికేనులో సాహెబు ఇంటికి వెళ్ళారట. సాహెబు లేడు. తోళ్ళ బేరానికి ఆంబూరు వెళ్ళాడు, ఆదివారంగాని రాడు. గుమాస్తా వీళ్ళను గడప దాటనివ్వలేదు. అక్కణ్ణుంచే లోపలి హాలు చూపించాడు. నల్లగా నిగనిగలాడాల్సిన బండలు పిండి చల్లినట్టు ఉన్నాయి. ఆ క్షణానే పెదకోటయ్య మనసులో తీర్పు అయిపోయింది: చవుడు, చవిటి చేను చవుడు రాయిలోకి దిగింది. ఆదివారందాకా సాహెబు గేటు ముందు కూర్చుంటానన్నాడు.

సుబ్బులమ్మ మాత్రం, రైలు ఛార్జీలు ఎటూ పెట్టాం, నాలుగు రోజులు ఎటూ ఆగాలి, పట్నం చూస్తానంటుంది. ఆ పొద్దుటి తగాదా ఇదే.

“అబ్బాయ్,” అంది నాతో, “డబ్బుల్లేకుండా ఏమేం చూడొచ్చు ఈ ఊళ్ళో?”

అడగవలసినవాణ్ణే అడిగింది. ఆ సమయానికి మద్రాసులో ఖర్చు లేకుండా తిరగడంలో నన్ను మించినవాడు లేడు. గుంటూరు కాలేజీలో ఇంటరు మధ్యలో మానేశాను. ఉద్యమంలో చేరి జైలుకు వెళ్ళడానికి మానేశానని మా ఊళ్ళో కొందరు చెప్పుకుంటారు. అదేం లేదు, బెంచీమీద కూర్చోలేకపోయాను. ఇక్కడ ఒక అచ్చాఫీసులో పని ఇస్తామని సోమవారం రమ్మన్నారు. సోమవారందాకా నాకూ పని లేదు.

నాకు తెలిసిన కిటుకులు చెప్పాను. ట్రాము ఎండ పెరిగాక ఎక్కాలి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు నడవాలి. వెళ్ళేటప్పుడు నడిచి వచ్చేటప్పుడు ఎక్కితే అలసట తెలియదు. హోటల్లో అన్నం దండగ. యుద్ధం అయిపోయి ఆర్నెల్లయినా రేషను పోలేదు, పెట్టేది పిడికెడు. సుబ్బులమ్మ నవ్వి మూట విప్పింది. జొన్నరొట్టెలు, ఎండినవి, అరచేతి మందాన దొంతరగా ఉన్నాయి. గోంగూర పచ్చడి కుండలో ఉంది. వారానికి సరిపడా తెచ్చుకుంది. నాకు కూడా ఒక రొట్టె విరిచి చేతిలో పెట్టింది. పదకొండు రోజుల తరువాత నాలుక ప్రాణం పోసుకుంది.

పెదకోటయ్య రానన్నాడు. ఆమె బతిమాలలేదు. కొంగు బిగించి నా వెంట బయలుదేరింది. వీధి మలుపు తిరిగేలోపు ఆయన వెనక వస్తూనే ఉన్నాడు.

గురువారం ఎగ్మూరులో మ్యూజియానికి తీసుకెళ్ళాను. టిక్కెట్టు లేదు. దాన్ని ఈ ఊరి జనం చచ్చిన కాలేజీ అంటారు. జంతువులుండే తోట బతికిన కాలేజీ. చచ్చిన కాలేజీలో గాజుపెట్టెల్లోని ఎముకలను, తిమింగిలాన్ని సుబ్బులమ్మ చకచకా చూసేసింది. చచ్చినవాటిని ఇంత శుభ్రంగా తుడిచి పెట్టారు, సత్రం మరుగుదొడ్డి ఎందుకు తుడవరని అడిగింది.

ఒక గదిలో మాత్రం ఆగిపోయాం. ధరణికోట పక్కన దొరికిన పాత బౌద్ధుల శిల్పాలు అక్కడ గోడల వెంట నిలబెట్టారు. పొద్దుటినుంచీ నోరు విప్పని పెదకోటయ్య దగ్గరికి వెళ్ళి ఒక పలకమీద అరచెయ్యి ఆనించాడు. కాపలావాడు అరవంలో కసిరాడు. ఆయన చెయ్యి తీశాడు గాని కళ్ళు తియ్యలేదు. ఇది మన నల్లబండ కాదు, కృష్ణ ఒడ్డు తెల్లరాయి అన్నాడు. ఇదుగో ఇక్కడ ఉలి జారింది, జారిన చోట పువ్వు చెక్కి కప్పేశాడు, గట్టివాడు అన్నాడు. నాకు పువ్వే కనబడింది, జారడం కనబడలేదు. ఆ గదిలో రెండు గంటలున్నాం. కాపలావాడు విసుగెత్తి, చివరికి తనే ఇంకో పలక చూపించి ఇదీ చూడమన్నాడు.

శుక్రవారం బతికిన కాలేజీ. పులి బోను ఖాళీగా ఉంది. జపానువాళ్ళ బాంబులకు భయపడి అప్పట్లో క్రూరజంతువులను కాల్చేశారని ఎవరో చెప్పారు. ఖాళీ బోనుకు ఈ ఇనప చువ్వలెందుకు, పీకి అమ్ముకోవచ్చుగా అంది సుబ్బులమ్మ. కోతుల దగ్గర చాలాసేపు నిలబడింది. పక్కనే మూర్ మార్కెట్టు. అక్కడ ఒక దువ్వెనకు బేరమాడింది, ఈమె తెలుగులో, కొట్టువాడు అరవంలో. ఒకరి మాట ఒకరికి తెలియదు. పావుగంటకు అతను నమస్కారం పెట్టి ఆమె అన్న ధరకు ఇచ్చేశాడు. దువ్వెన తనక్కాదు, మొగుడికి. మూడు రోజులుగా తల దువ్వుకోవడం లేదు చూడు, దువ్వెన పోయిందంటన్నాడు అని నాకు చెప్పింది.

సత్రంలో మూడు రోజులకు మించి ఉండనివ్వరు, నాలాగా సత్రాలు మారుతూ తిరగాల్సిందే. అదీ ఆమే చక్కబెట్టింది. పంపు కింద పాచిపట్టి జారే బండను ఎవరూ అడక్కుండానే ఇటుకముక్కతో రుద్ది అద్దంలా చేసింది. సత్రం మేనేజరు వచ్చి దానిమీద కాలు పెట్టి చూసి, సోమవారందాకా ఉండండి అన్నాడు.

శనివారం పొద్దున్నే సముద్రానికి వెళ్ళాం.

ఆమె ఏదో అంటుందని నేను ఎదురుచూశాను. ఎండ నిండుగా కాస్తోంది, నీళ్ళు కళ్ళలో పొడుస్తున్నాయి. మా ఊరి ఎండ కొడుతుంది. అక్కడి ఎండ గాలితో కలిసి వచ్చి ఒంటికి పూసుకుంటుంది. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, మెల్లగా అడిగింది.

“ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఈ ఊరోళ్ళు పంపుల కాడ ఎందుకు కొట్టుకుంటన్నారు?”

ఉప్పునీళ్ళు పిన్నీ అన్నాను. తెలుసంది. మా ఊరి ఉప్పుబావి నీళ్ళూ ఉప్పే, పప్పు ఉడకదు గాని గొంతు తడుపుకోవచ్చు అంది. నేను ఆపేలోపు వంగి దోసిలి నిండా తీసుకుని గుటకేసింది. దగ్గు, ఉమ్ము, నవ్వు అన్నీ ఒకేసారి వచ్చాయి. అంతలో కెరటం వచ్చి ఆమెను కూలేసింది. పెదకోటయ్య పైన గట్టున మూట పట్టుకుని కూర్చున్నవాడు మూట పారేసి పరిగెత్తుకొచ్చాడు. జబ్బ పట్టుకుని లేపబోతే రెండో కెరటం ఆయన్నీ నడుందాకా ముంచింది. ఆమె నీళ్ళలో కూర్చునే ఉంది, నవ్వుతూనే ఉంది. నీటికి ఇంత మొహం వాచిన మనుషులం మేము. ఆయన తిడుతూ తిడుతూ పక్కనే కూలబడ్డాడు.

తరువాత పొడి ఇసకమీదికి వచ్చి ఎండలో ఆరబెట్టుకుంటూ రొట్టెలు తిన్నాం. అణా పెట్టి ఉడికించిన శనగలు కొన్నాను. ఒక గంట గడిచింది. సుబ్బులమ్మ కొంగు అట్టలా బిరుసెక్కింది. అంచు వెంట తెల్లటి గీతలు పడ్డాయి. బొటనవేలితో గీకితే పొడిలా రాలింది. ఆ పొడి చూసింది. తరువాత మొగుడి కాళ్ళు చూసింది.

“ఏమయ్యా, నీ కాళ్ళు చూడు. సాయిబు ఇంట్లో బండల్లాగున్నాయి.”

నిజమే. నల్లటి పిక్కలమీద పిండి చల్లినట్టు ఉప్పు. సముద్రంలో దిగితే ఎవడికైనా అంతేలే అన్నాడాయన, తువ్వాలుతో తుడుచుకుంటూ. ఆమె వదల్లేదు. లేచి నిలబడి అటూ ఇటూ చూసింది. కొంచెం దూరంలో ఎడ్లబళ్ళు రెండు ఆగి ఉన్నాయి. మనుషులు తట్టలతో ఒడ్డు ఇసక ఎత్తి బళ్ళకు నింపుతున్నారు. అదెక్కడికో అడగమంది. నాకొచ్చిన సగం అరవంతో అడిగాను. ఇళ్ళు కట్టేచోటికి, ట్రిప్లికేను, రాయపేట, ఎక్కడ పడితే అక్కడికి అన్నాడు బండివాడు. బండల కింద కూడా పోస్తారేమో అడగమంది. అడిగాను. ఎందుకు పొయ్యరు, ఇసకేగా అన్నాడు.

ఆమె తిరిగి వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించింది.

“బండలు ఎట్టా పరవాలో షావుకారు చేత రాయించిన చీటీలో ఏం చెప్పావు నువ్వు?”

“ఏముంది చెప్పేదానికి. కింద నాలుగు వేళ్ళ మందాన ఇసక పొయ్యమన్నా. దాని మీద సున్నం.”

“ఏ ఇసకని చెప్పావు?”

“ఇసకంటే ఇసకేనే.”

మాచర్లలో పుట్టినవాడెవడూ ఇంకో జవాబు చెప్పడు. మాకు ఇసక అంటే చంద్రవంక వాగు ఇసక. ఎండాకాలం అందులో చెలమ తవ్వుకుని నీళ్ళు తాగుతాం. ఉప్పగా ఉండే ఇసక లోకంలో ఒకటుంటుందని, దాన్ని ఇంటి కింద పోసేవాళ్ళు ఉంటారని ఎవరికి తోస్తుంది? ఆయనకు తోచలేదు. ఆ చీటీ రాసిన షావుకారుకూ తోచలేదు. ఇంటరు మధ్యదాకా చదివి, పదమూడు రోజులుగా ఆ ఇసకలోనే పొర్లుతున్న నాకూ తోచలేదు.

నేను సంబరపడిపోయాను. పెదకోటయ్య పడలేదు. ఇసకలోనూ ఉప్పు, రాయిలోనూ ఉప్పు ఉంటే ఏం చేస్తావని అడిగాడు. సుబ్బులమ్మ కొంగు దులుపుకుని లేచింది. ముగ్గురం సత్రానికి తిరిగి వచ్చాం.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి సాహెబు ఇంటి ముందున్నాం. అబ్దుల్ రహీమ్ సాహెబు అరవై ఏళ్ళ మనిషి, తెల్లగడ్డం. తోళ్ళకోసం గుంటూరు, బెజవాడ సంతలు తిరిగినవాడు కనక సంత తెలుగు బాగానే వచ్చు. కోపంగా లేడు. అది నాకు ఇంకా కష్టమనిపించింది. “ఇంటికొచ్చినవాళ్ళకి దీన్ని చూపించుకోలేకపోతున్నా పెదకోటయ్యా, ఏం చెయ్యమంటావు చెప్పు,” అన్నాడు. పెదకోటయ్య చేతులు కట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. సుబ్బులమ్మ ముందుకొచ్చింది.

“సాయిబూ, మీ దొడ్లో ఇసక మిగిలిందా?”

గుమాస్తా ఏదో అనబోయాడు. సాహెబు చెయ్యెత్తి ఆపి, అందరినీ దొడ్లోకి తీసుకెళ్ళాడు. బావి పక్కన ఇసక కుప్ప ఉంది. సుబ్బులమ్మ గుప్పెడు తీసి చూపించింది. అందులో చిన్న చిన్న ఆల్చిప్ప ముక్కలు మెరిశాయి. చిటికెడు నాలుకమీద వేసుకుని ఉమ్మేసింది. బావి గోడకు మిగిలిపోయిన బండలు మూడు ఆనించి ఉన్నాయి. ఆ గుంటవే, అదే వ్యాగనులో వచ్చినవే. కార్తీకంలో వానలు పడ్డాయి, తరువాత ఎండలు కాశాయి. అయినా నల్లగా ఉన్నాయి. ఇవి బుధవారమే వాళ్ళకు కనిపించి ఉంటే నాలుగు రోజుల బాధ తప్పేది. గడప దగ్గర ఆపేసినందువల్ల ఎవరూ చూడలేదు.

సాహెబు ఆలోచించాడు. వ్యాపారి కదా. ఇవి నేలలో లేవు, వీటికి నేల తడి తగల్లేదు, అందుకే బాగున్నాయేమో, రాయి మంచిదని నాకెలా తెలియాలి అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

అప్పుడు పెదకోటయ్య కదిలాడు. మూటలోంచి ఉలి, సుత్తి తీశాడు. అవి తెచ్చాడని సుబ్బులమ్మకు కూడా తెలియదు. హాల్లో ఒక బండ ఎత్తనివ్వమని అడిగాడు. సాహెబు సరేనన్నాడు. మూలబండ సందులో ఉలి దూర్చి, సున్నం ఊడగొట్టి, మెల్లగా లేపాడు. అడుగున ఇసక ఇంకా తడిగా ఉంది. బండ అడుగుభాగాన ఉప్పు పెచ్చు కట్టింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఉప్పు రాయిలోంచి దిగిందో, ఇసకలోంచి ఎక్కిందో దానివల్ల తేలదు. అది ఆయనకు తెలుసు. బండను తిరగేసి, మధ్యలో ఒక్క దెబ్బ కొట్టాడు. రెండు ముక్కలైంది. లోపల కాటుకలా నల్లగా ఉంది. ఒక ముక్కను రెండు చేతులతో ఎత్తి చూశాడు. తరువాత కళ్ళు మూసుకుని, విరిగిన చోట నడిమధ్య నాలుక ఆనించాడు.

ఆయన కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. ముక్క పెళ్ళానికిచ్చాడు. ఆమె నాకి చూసి, రెండో ముక్క సాహెబుకు చాచింది. గుమాస్తా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సాహెబు జేబులోంచి రుమాలు తీసి, రాయి తుడిచి, గడ్డం పక్కకు తీసుకుని, రెండో ముక్కను తను కూడా రుచి చూశాడు.

“చప్పగా ఉంది,” అన్నాడు.

పెదకోటయ్య అక్కడే, లేపిన బండ పక్కన, ఇసకలో కూర్చుండిపోయాడు. సుబ్బులమ్మ కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఏడ్చాడని కాదు, సున్నం దుమ్ము పడిందంది. నేను నమ్మినట్టే తలూపాను.

ఇసక ఎవరు తెప్పించారని సాహెబు అడిగాడు. నది ఇసక దూరంనుంచి రావాలి, బండికి ఎక్కువ అడుగుతున్నారు, ఇదైతే ఇంటిముందుకు వస్తుందని తనే తెప్పించానన్నాడు గుమాస్తా. సాహెబు మా ఎదుట అతన్ని ఏమీ అనలేదు. అన్నీ లేపి మళ్ళీ పరిస్తే ఈ బండలే పనికొస్తాయా అని పెదకోటయ్యను అడిగాడు. అంతే, నాలుగు రోజులుగా మూసుకున్న నోరు తెరుచుకుంది. మంచినీళ్ళతో ఎన్నిసార్లు కడగాలో, ఎన్నాళ్ళు నిలబెట్టి ఆరబెట్టాలో, పాతఇసక జానెడు లోతున తీసి పారెయ్యకపోతే ఏమవుతుందో, సందుల్లో సున్నం ఎలా నింపాలో చెబుతూనే ఉన్నాడు. సాహెబు ఇంటి అరవ మేస్త్రీని పిలిపించారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ నేలమీద కూర్చుని వేళ్ళతో కొలతలు చూపించుకున్నారు. ఒకరి మాట ఒకరికి నన్ను చెప్పమన్నారు గాని నా అవసరం పడలేదు.

సాహెబు చెబుతుంటే షావుకారుకు ఉత్తరం నేనే రాశాను. రాయిలో దోషం లేదని, మేడమీదికి కూడా ఆ గుంట బండలే కావాలని. ఆయన సంతకం చేసి మడిచి సుబ్బులమ్మ చేతికిచ్చాడు. పెదకోటయ్యకు ఎందుకివ్వలేదో నాకు తెలియదు. బహుశా ఆయన చేతులకు సున్నం ఉందని.

ఆ సాయంత్రం సత్రంవైపు నడుస్తుంటే పెదకోటయ్య ఆగాడు. సముద్రం కాడికి పోదామా అన్నాడు. సుబ్బులమ్మ నావైపు చూసింది, నేను ఆమెవైపు చూశాను. వెళ్ళాం. ఆయన తలపాగా తీసి పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. శనగలవాణ్ణి తనే పిలిచి, ధర అడక్కుండా మూడు పొట్లాలు కొన్నాడు. హార్బరు దగ్గర ఆగిన ఓడను చూపించి, దాంట్లో మన బండలు ఎన్ని వ్యాగన్లు పడతాయని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. కాలేజీలో చెప్పలేదా అన్నాడు. ఆ మాట ఇంకెవరైనా అంటే నాకు కోపమొచ్చేది. ఆయన అలా నవ్వుతుంటే రాలేదు. చీకటి పడకముందే ఇసకమీదే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, పొట్లంలో ఇంకా సగం శనగలు ఉండగానే. పాపం, బుధవారంనుంచీ నిద్ర లేదు అని సుబ్బులమ్మ ఆ శనగలు తను తినేసింది.

సోమవారం అచ్చాఫీసులో పని లేదన్నారు. దాని సంగతి వదిలెయ్యండి. అక్కణ్ణుంచి నేరుగా సెంట్రలుకు వెళ్ళాను, వాళ్ళను రైలెక్కించడానికి. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. పెదకోటయ్య తల నున్నగా దువ్వుకుని, పక్కవాడికి అప్పుడే బండల గురించి చెబుతున్నాడు. మిగిలిన రెండు రొట్టెలు సుబ్బులమ్మ కాగితంలో చుట్టి నాకిచ్చింది. గార్డు ఈల వేశాడు. ఆమె కిటికీ చువ్వల్లోంచి చెయ్యి చాచి నా చొక్కా పట్టుకుంది.

“అబ్బాయ్, నీకు పుణ్యముంటుంది, నాకో కాయితం రాసి మాచర్లకి పంపు. అరవంలో ఒకటి, ఇంగిలీసులో ఒకటి. అరవం నీకు రాకపోతే వచ్చినోడిచేత రాయించు. మా బండలు ఏ ఊరు పోయినా వాటితోపాటు ఆ కాయితం పోవాల. బండ పరిచేముందు ఇసక నాలిక మీద ఏసుకుని చూసి, చప్పగుంటేనే పొయ్యమని అందులో ఉండాల. నాలికంటే రోతగా ఉంటదని నువ్వు దాన్ని ఇంకోరకంగా మార్చమాక. నాకి చూడమనే రాసిపెట్టు.”